పార్కులోకి జరగబోయిన బడి కంచె

2000వ సంవత్సరం. వైటూకే కంప్యూటర్ల గొడవ చల్లారింది గాని ఐటీ జోరు ఇంకా తగ్గలేదు. సింగపూర్‌లో మేమున్న టాంపినీస్ బ్లాకు లిఫ్టులో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మూడో మాట జావా గురించో కొత్త కాంట్రాక్టు గురించో ఉండేది. మా ఆయనా ఆ బాపతే. నేను మాత్రం సివిల్ ఇంజనీరుని. పార్కులు, కాలిబాటలు, వాననీటి కాల్వలు డిజైను చేసే ఒక చిన్న కన్సల్టెన్సీలో ఉద్యోగం. ఆయన స్నేహితులు ఇంటికొస్తే "ఏంటండీ, ఇంకా మురుగుకాల్వలేనా, ఏదైనా కోర్సు చెయ్యకూడదూ" అని జాలి చూపేవారు. నాకు ఆ జాలి అంటే మహా చిరాకు. వాన రోజున బూట్లు తడవకుండా ఆఫీసుకు వెళ్తున్నారంటే అది మీ జావా గొప్ప కాదు అని మొహాన్నే అనేసేదాన్ని.

ఆ ఏడాది మాకు ఒక టౌన్ కౌన్సిల్ పని వచ్చింది. టౌన్ కౌన్సిల్ అంటే మనవైపు మునిసిపాలిటీ లాంటిదే, కాకపోతే దాని పెత్తనం కొన్ని పేటల వరకే. ఆ పేటలో ఫ్లాట్లకూ ఒక ప్రైమరీ స్కూలుకూ మధ్య పాత పార్కు ఉంది. దాన్ని బాగుచేయాలి. పిల్లలకు కొత్త ఆటస్థలం, పెద్దలకు నడక దారి, కూర్చోడానికి పెవిలియన్. ఇదొకటి. రెండోది బడి సరిహద్దు. అప్పటిదాకా ఆ బడిలో సగంమంది పిల్లలు పొద్దున, సగంమంది మధ్యాహ్నం వచ్చేవారు. అందరినీ ఒకే పూట రప్పించాలంటే గదులు చాలవు. అందుకని బడి కంచెను పార్కులోకి కొంత జరపాలని ప్రతిపాదన. రెండూ కలిపి కౌన్సిల్ కమిటీ తేల్చాలి. ప్లాన్లు గీయడం మా పని.

కంచె జరిగితే బడి వెనక గేటు మూసేస్తారు. పార్కు గుండా ఆ గేటుకు వెళ్లే దారి కూడా పోతుంది. పిల్లలందరూ చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీది ఓవర్‌హెడ్ బ్రిడ్జి ఎక్కి దిగి ముందు గేటుకు వెళ్లాలి. కాగితం మీద ఇది ఇంకా మంచిదనిపించింది. ఒకే గేటు ఉంటే కాపలా సులువు, రోడ్డు దాటడానికి బ్రిడ్జి ఎలాగూ ఉంది.

సైట్ విజిట్‌కు వెళ్లినప్పుడు వెనక గేటు దగ్గర ఒక చెక్క కనిపించింది. అక్కడ దారికి అడ్డంగా చిన్న కాల్వ, దాని పక్కన రెండు మెట్లు. ఆ మెట్ల మీద ఎవరో మందపాటి ప్లైవుడ్ ముక్కను ఏటవాలుగా పరిచి, జారకుండా నైలాన్ తాడుతో రెయిలింగుకు కట్టారు. మా ఫోర్‌మన్ తమిళాయన. "కుప్పై మేడమ్, తీసేయించనా" అన్నాడు. చెత్త అని ఆయన ఉద్దేశం. ముడి చూస్తే చెత్తలా లేదు. కొత్త తాడు, గట్టి ముడి. ఉండనివ్వండి అన్నాను.

తర్వాతి శనివారం సాయంత్రం ఫీడ్‌బ్యాక్ సెషన్. అంటే ప్లాన్లు బోర్డుల మీద పెట్టి, అక్కడివాళ్ల అభిప్రాయం అడిగే మీటింగు. బ్లాకు కింద గోడల్లేని ఖాళీ జాగాను వాయిడ్ డెక్ అంటారు, అక్కడే ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కర్రీపఫ్‌లు, తాగడానికి కప్పుల్లో మైలో పెట్టారు. ముందు వరుసలో ఒక చైనీస్ అంకుల్ బార్బెక్యూ గుంటలు కావాలని చాలాసేపు వాదించాడు. మిగతావాళ్లు లైట్లు, బెంచీలు అడిగారు. ఆఖరి వరుసలో మన దేశపు కుటుంబాలు నాలుగైదు కూర్చున్నాయి. పఫ్‌లు తిన్నారు, చప్పట్లు కొట్టారు, నోరు మాత్రం విప్పలేదు.

వాళ్లలో ఒకామె మీద నా చూపు ఆగింది. ముప్పై ఏళ్లుంటాయి. మీటింగు మొదలవకముందే బోర్డు దగ్గరికి వెళ్లి, కొత్త కంచె గీత మీద వేలు పెట్టి ఒక కొస నుంచి రెండో కొస దాకా నడిపించింది. ఎవరికైనా అభ్యంతరాలున్నాయా అని కమిటీ చైర్మన్ అడిగినప్పుడు ఆమె చెయ్యి సగం లేచింది. పక్కనున్న భర్త మెల్లగా "నక్కో షాహీన్, మనకెందుకు" అన్నాడు. ఆ లేచిన చెయ్యి దుపట్టా సర్దుకుని కిందికి దిగిపోయింది. అభ్యంతరాలు లేవని మినిట్స్‌లో రాసేశారు.

మీటింగయ్యాక నేనే వెళ్లి తెలుగులో పలకరించాను. హైదరాబాద్ వాళ్లు. ఆయన పేరు ఇంతియాజ్, బ్యాంకు సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులో పనిచేస్తాడు. ప్లాన్‌లో ఏమైనా ఇబ్బందా అని అడిగితే ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు.

"ఏం లేదు మేడమ్. మంచిగుంది ప్లాన్, మస్తుగుంది" అన్నాడాయన. ఆమె నేల చూపులు చూస్తోంది.

నాకు అనుమానం తీరలేదు. ఇంజనీర్లందరం సైట్ విజిట్‌కు ఎండెక్కాకే వెళ్తాం, అప్పటికి పిల్లలు బళ్లలో ఉంటారు. సోమవారం బడివేళకే ఆ గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అనుకున్నట్టే షాహీన్ వచ్చింది, వీల్‌చైర్ తోసుకుంటూ. అందులో ఏడేళ్ల పాప. యూనిఫారం, రెండు జడలు, ఒళ్లో బ్యాగు. షాహీన్ చెక్కను కాలితో నొక్కి చూసి, కుర్చీని వెనక్కి వాల్చి పైకి తోసింది. నన్ను చూసి తప్పు చేస్తూ దొరికినట్టు అయిపోయింది.

పాప పేరు ఆయేషా. పుట్టుకతోనే కాళ్లలో బలం లేదు. చదువులో చురుకు. బడిలోకి వదిలి వచ్చాక షాహీన్‌ను పార్కు బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను.

"ముందు మేము ఊరికి ఆ కొసన బూన్ లేలో ఉన్నం మేడమ్. ఈయన ఆఫీసు ఆడికి దగ్గర. గా బడుల్ల లిఫ్టు లేదు. ఈ బడిల ఉన్నదని తెలిసి ఈడికి మారినం. ఈయన పొద్దున ట్రైను ఎక్కితే ఈ కొస నుంచి ఆ కొసకు పోతడు, రోజూ. ఇంక ఈ గేటు మూసిన్రంటే ఆ బ్రిడ్జి మెట్లు నేను దీన్ని ఎత్తుకొని ఎట్ల ఎక్కాల? కుర్చీ ఎవరు తేవాల?"

"సిగ్నల్ దాకా వెళ్లి కింద నుంచి దాటలేరా?"

"చూసిన మేడమ్. నడుమ కాలిబాటనే లేదు, బస్సుల నడుమకెల్లి పోవాల. ఇంక దీన్ని తీసుకొని నేను హైదరాబాద్ పోవుడే. ఆడ మా ఇంటికాడి బడుల్ల మెట్లే మెట్లు. ఇంట్ల కూసుంటది."

"మరి మొన్న మీటింగులో చెప్పొచ్చు కదా."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా పీఆర్ పేపర్లు లోపల ఉన్నయి మేడమ్. గవర్నమెంటు ప్లాన్‌కు అడ్డం మాట్లాడితే పేరు రాసుకుంటరంట. ఈయన దోస్తులు చెప్పిన్రు. పాప మెడికల్ సంగతి బయట పడొద్దని కూడా అన్నరు."

పీఆర్ అంటే ఇక్కడ స్థిరంగా ఉండటానికిచ్చే అనుమతి, వాళ్ల దరఖాస్తు ఇంకా తేలలేదు. నాకు ముందు ఒళ్లు మండింది. కూతురి చదువు పోతుంటే పఫ్‌లు తిని చప్పట్లు కొడతారా అనిపించింది. తర్వాత నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. మాకు పీఆర్ వచ్చేదాకా మేం మాత్రం ఏం తక్కువ? లైబ్రరీ పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైతే మా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఆఫీసులో మా బాస్ లిమ్‌కు సంగతి చెప్పాను. ఆయన మంచివాడే, ఖరాఖండీ మనిషి. "నో ఫీడ్‌బ్యాక్, నో చేంజ్" అన్నాడు. మేం కన్సల్టెంట్లం. ఒక అవసరం ఉందని మేం కల్పించి చెప్పకూడదు, అక్కడ ఉండేవాళ్లే చెప్పాలి. శనివారం కమిటీ ఆఖరిసారి అందరి ముందు కూర్చుంటుంది. ఆరోజు దాటితే డ్రాయింగులు టెండరుకు వెళ్లిపోతాయి.

బుధవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఇంతియాజ్ మర్యాదగా ఛాయ్ పోయించాడు, మాట మాత్రం వినలేదు.

"మీకేం మేడమ్, మీకొచ్చేసింది" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నిజమే.

"మీ పీఆర్ సంగతి నాకు తెలియదు ఇంతియాజ్ గారూ. వస్తుందనీ రాదనీ చెప్పలేను. అది చూసే ఆఫీసు వేరు, పార్కు చూసే ఆఫీసు వేరు, అంతవరకు తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. శనివారం మీరు మాట్లాడకపోతే ఆ గేటు మూస్తారు. మూయడానికి డ్రాయింగ్ గీసేది నేనే."

ఆయేషా హోంవర్కు రాసుకుంటూ అంతా వింటోంది. తలెత్తకుండానే, బడిలో అబ్బిన సింగపూర్ ఇంగ్లీషులో "మమ్మీ, జస్ట్ టెల్ దెమ్ లా. దే వోంట్ స్కోల్డ్ వన్" అంది. ముగ్గురం ఆ పిల్ల వైపు చూశాం. ఆ పిల్ల మాత్రం రబ్బరు వెతుక్కుంటోంది.

శనివారం షాహీన్ ఒక్కతే వచ్చింది. మళ్లీ ఆఖరి వరుసలోనే కూర్చుంది. నా వంతుగా నేను రాత్రి ఇంకో స్కెచ్ గీసి సంచిలో పెట్టుకున్నాను గాని, ఎవరూ అడక్కుండా దాన్ని బయటికి తీయడానికి లేదు. చైర్మన్ మామూలుగానే అభ్యంతరాలు అడిగాడు. షాహీన్ చెయ్యెత్తలేదు, ఏకంగా లేచి నిలబడింది.

"సర్, మై డాటర్, వీల్‌చైర్. బ్యాక్ గేట్ క్లోజ్, స్కూల్ ఆల్సో క్లోజ్ ఫర్ హర్" అంది. ఇంకేదో చెప్పబోయి, వేలెత్తి బోర్డు మీది కంచె గీతను చూపించింది.

చైర్మన్ కళ్లజోడు తీసి, ఈ బడిలో వీల్‌చైర్ పిల్లలు ఎంతమంది అని అడిగాడు.

"వన్, సర్. ఓన్లీ వన్."

ఒక్క పాప కోసం ప్లాన్ మార్చరు, ఎక్కడైనా అంతే. అప్పుడు మధ్య వరుసలోంచి ఒక మలయ్ ముసలామె లేచింది. మార్కెట్ సామాను ట్రాలీ తానూ రోజూ ఆ చెక్క మీదే తోసుకొస్తానని, బ్రిడ్జి ఎక్కలేనని చెప్పింది. బార్బెక్యూ అంకుల్ వెనక్కి తిరిగి షాహీన్‌ను ఒకసారి చూశాడు. "మై వైఫ్ నీ పెయిన్. బ్రిడ్జ్ హౌ టు క్లైంబ్?" అన్నాడు, మోకాలు తట్టి చూపిస్తూ. పసిపిల్లల ప్రామ్‌లు తోసుకొచ్చే ఇద్దరు తల్లులు తలూపారు. అనుమతి లేకుండా ఆ చెక్క ఎవరు వేశారని చైర్మన్ అడిగితే మాత్రం అందరూ ఎటో చూశారు. జరిమానా భయం ఒక్క మనవాళ్లకే కాదన్నమాట.

బడి తరఫున వచ్చినావిడ, తమకు కావాల్సింది గదులే గాని గేటు మూయడం కాదని అంది. చైర్మన్ లిమ్ వైపు, లిమ్ నా వైపు చూశారు. సంచిలోంచి స్కెచ్ తీశాను. కంచెను తిన్నగా కాకుండా వెనక గేటు దగ్గర లోపలికి వంచితే దారి మిగులుతుంది. మెట్ల బదులు ర్యాంపు కట్టొచ్చు. ర్యాంపుకు ఒక లెక్కుంది, ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవు కావాలి, లేకపోతే కుర్చీ వెనక్కి లాగేస్తుంది. ఆ పొడవు పెవిలియన్ జాగాను తినేస్తుంది, దాన్ని అవతలికి జరపాలి. పరిశీలిస్తామని చెప్పి మీటింగు ముగించారు.

తర్వాతి వారం రోజులు నాకు పని మీద మనసు లేదు. శుక్రవారం లిమ్ కౌన్సిల్ పంపిన ఫ్యాక్స్ కాగితం నా టేబుల్ మీద పెట్టి, "రీ-డ్రా", అంటే మళ్లీ గీయమని, ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. కంచె వంచమన్నారు. గేటు ఉంచుతామన్నారు. నేను షాహీన్‌కు ఫోన్ చేశాను.

"నిజమా అక్కా?" అంది. మొదటిసారి అక్కా అంది.

"నిజం. కాగితం నా చేతిలో ఉంది."

ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, ఆఫీసులోనే. భుజాల మీంచి ఏదో దించినట్టు తేలికైంది. లిమ్ వచ్చి, ఊళ్లో ఎవరికైనా బాగోలేదా అని అడిగాడు. అందరూ బాగున్నారని చెప్పాను.

ర్యాంపు పూర్తయిన రోజున నేనూ వెళ్లాను. షాహీన్ అలవాటుగా కుర్చీ పట్టుకోబోతే ఆయేషా చెయ్యి నెట్టేసింది. "డోంట్ పుష్ లా, మమ్మీ. ఐ కెన్." చక్రాలు తనే తిప్పుకుంటూ, మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుని, గేటు దాకా వెళ్లిపోయింది. షాహీన్ చేతులతో ఏం చేయాలో తెలియక దుపట్టా కొంగు పట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత ఈ వృత్తిలో చాలా ఏళ్లు ఉన్నాను. మీటింగులో ఎవరూ మాట్లాడకపోతే అందరికీ సమ్మతమని నేను రాయను. ఆ దారిని వాడేవాళ్లు వాడే వేళకు వెళ్లి చూస్తాను. ఆఖరి వరుసలో కూర్చున్నవాళ్ల పక్కన కాసేపు కూర్చుంటాను. వాళ్లు ఒప్పుకున్నారో భయపడ్డారో ప్లాన్ చూస్తే తెలియదు, మొహం చూస్తే తెలుస్తుంది.

ర్యాంపు కట్టిన కొన్ని నెలలకు అదే వాయిడ్ డెక్‌లో పార్కు పని ఎలా ఉందో చెప్పమని మళ్లీ మీటింగు పెట్టారు. షాహీన్ వాళ్ల పీఆర్ అప్పటికింకా రాలేదు, కాగితాలు లోపలే ఉన్నాయి. ఇంకేమైనా ఉందా అని చైర్మన్ అడిగీ అడగకముందే వెనక ఒక చెయ్యి లేచింది. షాహీనే అనుకున్నాను. కాదు, ఇంతియాజ్. ర్యాంపు పక్కన పెట్టిన స్టీలు రెయిలింగు మధ్యాహ్నం ఎండకు కాలిపోతోందట, పాప పట్టుకోలేకపోతోందట, మార్చాలట. ఆ స్టీలు ఎంచింది నేనే. నా డిజైను మీద ఫిర్యాదును అంత సంతోషంగా నేనెప్పుడూ రాసుకోలేదు.