వారానికి ఒక్క మాత్ర

డి.ఫార్మసీ పూర్తిచేసి, లైసెన్సు కోసం ఎగ్జిట్ పరీక్షకి చదువుతున్న రోజులవి. పాతపట్నంలో మా మావయ్య మందుల షాపులో ఆయనకి సాయంగా ఉండేదాన్ని. బేరాలు లేనప్పుడు పుస్తకం తెరిచి మందుల పేర్లు, మోతాదులు బట్టీ పట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం 'మెథోట్రెక్సేట్, కీళ్లవాతానికి, వారానికి ఒక్కసారే' అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. రెండు రోజుల కిందట ఆ మాత్రలే మా వీధి చివరి అప్పలమ్మత్తకి ఇస్తూ, "రోజుకొకటి వేసుకో" అని చెప్పింది నేనే. చీటీలో డాక్టరు సరిగానే రాశారు. ఆ వాక్యమూ నాకు అప్పటికే కంఠతా వచ్చు.

వారానికి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంటే ప్రాణం మీదికే రావచ్చు. పుస్తకం వదిలేసి పరిగెత్తాను. ఆవిడ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.

"మాత్రలు ఎన్ని వేసుకున్నావత్తా?"

"రెండేసుకున్నాను. మూడోది బువ్వ తిని ఏసుకుంతాను. ఏటే, నీ మొకం అలాగున్నాది?"

నా తప్పు చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. చెప్పులేసుకుని, "పద, డాట్రు దగ్గరికి ఎల్దాం" అంది.

రక్త పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను. ప్రమాదం లేదని డాక్టరు చెప్పాక మావయ్య, "పరీక్ష కోసం సదివేవు గానీ, అప్పలమ్మ కోసం సదవలేదు నువ్వు" అన్నాడు.

ఆనాటి నుంచి ప్రతి మందునీ, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే, ఎందుకో, ఎప్పుడో, ఎంతో పైకి చెప్పుకుంటూ చదివాను. పాసయ్యాను. ఇప్పటికీ ఆ మాత్రలు ఇచ్చేటప్పుడు, వారంలో ఏ రోజు వేసుకుంటారో వాళ్ల నోటితోనే చెప్పించుకున్నాకే చేతిలో పెడతాను.