తమ్ముడు అడిగిన టైర్లు

మా చిన్న తమ్ముడు పోయాడన్న కబురు వచ్చిన పొద్దున్న ఏ విశేషమూ లేని పొద్దున్న. ఆషాఢ మాసం, మంగళవారం. గుమ్మంలో నీళ్లు జల్లి ముగ్గు వేశాను. పెరట్లో నందివర్ధనాలు కోసి తడిగుడ్డలో చుట్టి దేవుడి గదిలో పెట్టాను. ఆమదాలవలస స్టేషనులో పాసింజరు కూత వేసింది. ఆ కూతకే నేను పాలు పొయ్యి మీద పెడతాను. ముందు గదిలో పెద్ద తమ్ముడు కొట్టు తాళాలు వెతుక్కుంటున్నాడు. రోజూ వెతుక్కుంటాడు, రోజూ అవి వాడి మొలకే ఉంటాయి. చిన్న మరదలు పెసరట్టుకి పిండి రుబ్బుతోంది. చిన్నవాడు నాలుగున్నరకే లేచి, పికప్ బండి తీసుకుని, సీతంపేట కొండల మీదికి అనాసపళ్ల లోడుకు వెళ్లాడు. పదింటికల్లా వచ్చేస్తానని, అట్టు వేడిగా ఉండాలని చెప్పి మరీ వెళ్లాడు.

పాలు పొంగుకొచ్చే వేళకు మరదలి ఫోను మోగింది. వాడి నంబరే. పిండి చేత్తోనే ఎత్తింది. అవతల ఎవరో కొండమనిషి.

"అమ్మా, బండి బాబు పడిపోనాడు. సక్రం ఇప్పుతూ ఇప్పుతూ పడిపోనాడు. పిలిస్తే పలకడం నేదు."

కొండ మలుపులో వెనక టైరుని పక్కనుంచి రాయి కోసేసింది. జాకీ ఎత్తి, బోల్టులు విప్పుతూ, ఆఖరి బోల్టు దగ్గర చక్రానికి తల ఆనించి కూర్చుండిపోయాడట. చూసినవాళ్లు అలిసిపోయాడనుకున్నారు. గుండె అన్నాడు డాక్టరు. ఇంట్లో కూర్చున్నా వచ్చేదేనమ్మా అన్నాడు. ఓదార్పుకి అన్నాడో, నిజమో నాకు తెలియదు. వాడికి నలభై ఆరేళ్లు.

ఇది చదివేవారిలో వాడి బండి ఎక్కినవాళ్లు ఉండొచ్చు. వాళ్లకు వాడెవరో నేను చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్లకు చెబుతాను.

అమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్లు, నాకు పన్నెండు. నా పరికిణీ కుచ్చెళ్లు పట్టుకుని తిరిగేవాడు. ఈ ఇల్లు విడిచి నేను ఎక్కడికీ వెళ్లలేదు. నాన్నది కిరాణా వ్యాపారం. నాన్న తర్వాత కొట్టు పెద్దవాడు చూసుకున్నాడు. చిన్నవాడికి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నిద్రొచ్చేది. పాత పికప్ ఒకటి కొనుక్కుని, ఉప్పూ నూనే సబ్బులూ మిరపకాయలూ వేసుకుని కొండ సంతలకు వెళ్లేవాడు. వచ్చేటప్పుడు చింతపండు, చీపుళ్లు, కాలాన్ని బట్టి అనాసపళ్లు తెచ్చేవాడు. మధ్యలో ఎవరికైనా జబ్బు చేసిందంటే ఆ సరుకు అక్కడే దించేసి, మనిషిని ఎక్కించుకుని వచ్చేసేవాడు. అంబులెన్సు తారు రోడ్డు దగ్గర ఆగిపోతుంది. ఊళ్లు ఆ పైన ఉంటాయి.

"మొన్న రెండు బస్తాల సింతపండు తడిసిపోనాది. ఎవుడి తాత ఇస్తాడు?" అనేవాడు పెద్దవాడు.

"సింతపండు ఎండెడితే ఆరిపోద్ది అన్నియ్యా. మనిసి ఆరితే మరి నేవడు" అనేవాడు వీడు.

నా దగ్గరికొచ్చి, "అప్పా, పాత సీరొకటి ఇవ్వు. బండిలో పరవడానికి" అనేవాడు. ఇచ్చేదాన్ని. ఎన్ని ఇచ్చానో నాకే తెలియదు. కొన్ని తిరిగొచ్చేవి, చాలావరకు రాలేదు.

పొద్దున్నే బండి తీసేముందు నాలుగు చక్రాలనూ మడమతో తన్ని, చెవి వంచి వినేవాడు. కుండ కొనేవాళ్లు కొట్టి విన్నట్టు. "లోడు బండి మొయ్యదు అప్పా, లోపలి గాలి మోస్తాది" అనేవాడు. సాయంత్రం అరుగు దగ్గర బండి ఆపి, నా పాత తలపిన్ను ఒకటి పట్టుకుని, టైరు మీది రబ్బరు బటన్ల మధ్య ఇరుక్కున్న రాళ్లు ఒక్కొక్కటే తీసేవాడు. పెసరగింజంత రాయి కూడా వదిలేవాడు కాదు. అది లోపలికి తొలుచుకుపోతుందని వాడి భయం. ఆ రాళ్లు పోగేసి తులసికోట మొదట్లో పోసేవాడు. ఇప్పుడు అక్కడ చిన్న గుట్ట ఉంది.

నోట్లు రద్దయిన మరుసటి వేసవిలో బండి టైర్లు అరిగిపోయాయి. కొత్తవి చూడ్డానికి శ్రీకాకుళం వెళుతూ నన్ను కూడా రమ్మన్నాడు. "నువ్వొచ్చి సూస్తే అన్నియ్యకి నాను మరేటీ సెప్పక్కర్నేదు" అన్నాడు.

షాపులో వాడు తిన్నగా ఒక మూలకు వెళ్లి, లోతైన బటన్లున్న పెద్ద టైరొకటి దొర్లించుకుంటూ వచ్చాడు. రాయీ బురదా తారూ అన్నిటికీ పనికొచ్చే రకం. షాపాయన నవ్వాడు.

"అయి జీపులోళ్లు సోకుకి ఏయించుకుంటారు బావూ. నీది లోడు బండి. నిలువు గీతల టైరు ఏసుకో. బేగి అరగదు, డీజిలు తాగదు."

"నీ గీతల టైరు తారు మీద పెళ్లికొడుకు. బురదలో దించితే నడుం పట్టేసిన తాత."

"మరి సైజు పెద్దదెందుకు? తిప్పితే మడ్‌గార్డుకి రాసేస్తాది."

తమ్ముడు జేబులోంచి కొబ్బరితాడు ముక్క తీశాడు. దానికి రెండు ముడులున్నాయి. లోడు నిండా వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి, చక్రానికీ రేకుకీ మధ్య ఎంత ఉందో కొలిచి వేసిన ముడులు అవి. "ఒక సైజు పెద్దదైతే పడతాది. రెండు సైజులైతే రాస్తాది. నాకొకటి సాలు" అన్నాడు. టైరు గోడ మీద బరువు మోసే నంబరు చూపించమన్నాడు. బటన్ ఎంత లోతున్నా ఆ నంబరు తక్కువైతే వద్దన్నాడు. గోడను బొటనవేలితో నొక్కి చూశాడు. "కొండరాయి కిందనించి కొయ్యదు, పక్కనించి కోస్తాది" అన్నాడు. టైరు పెద్దదైతే మీటరు తక్కువ చూపిస్తుందని, నలభై అంటే నలభై మూడనుకోవాలని వాడే చెప్పాడు. డీజిలు ఎక్కువ తాగుతుందనీ ఒప్పుకున్నాడు. స్టెప్నీతో కలిపి ఐదూ ఒకే సైజు కావాలన్నాడు. పెళ్లికూతుర్ని చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా వాడు అంత శ్రద్ధగా చూడలేదు.

ఆఖరికి చెప్పు విప్పి, తన పాదం ఆ టైరు మీద పెట్టాడు. "సూడప్పా. కొండోళ్ల పాదం లాగున్నాది. ఏళ్లు ఇడదీసి నేలని పట్టుకుంటాది."

నేనూ చెయ్యి వేసి చూశాను. గట్టిగా ఉంది. ఇవి ఉంటే వీడు తోవ లేని చోటికి కూడా పోతాడు అనుకున్నాను. ఒకరోజు వీణ్ని లోయలోంచి మోసుకొస్తారనుకున్నాను. అంతకన్నా మరేమీ అనుకోలేదు.

ఇంటికొచ్చాక మాట తెగలేదు.

"కొండెక్కేది టైరేటి, డ్రైవరు గాని? నాన్న సైకిలు మీద సంతలు సేసినాడు" అన్నాడు పెద్దవాడు.

"నాన్న కొండెక్కనేదు అన్నియ్యా. కొండ కిందే ఆగిపోనాడు."

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మాట తెగకపోతే దేవుడి ముందు చీట్లు వేస్తాం. రెండు కాగితం ముక్కలు, ఒకదాని మీద అవునని, ఒకదాని మీద వద్దని రాసి, ఒకేలా మడిచి, పసుపు బొట్టు పెట్టి, పళ్లెంలో పువ్వుల మధ్య వేస్తాం. అందరిలోకీ చిన్నవాళ్లు కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు. రెండోది విప్పం. విప్పితే దేవుణ్ని అనుమానించినట్టు. పువ్వులతో పాటు తులసి మొదట్లో వేసేస్తాం. రాసేది ఎప్పుడూ నేనే.

"అప్పా, సీట్లెయ్యి. సామి ఏటంటే అదే" అన్నది చిన్నవాడే.

దేవుడి గదిలో కూర్చుని రాశాను. మొదటిదాని మీద వద్దు అని రాశాను. రెండోదాని మీద కూడా వద్దు అనే రాశాను. రెండింటినీ ఒకేలా మడిచి పసుపు బొట్టు పెట్టాను. వాడి మేలు కోసమేనని దేవుడికి చెప్పుకున్నాను, దణ్ణం పెట్టుకున్నాను.

వాడు వచ్చి కళ్లు మూసుకుని తీశాడు. చదివాడు. "సరే. సామి ఒద్దన్నాడు" అని నవ్వాడు. పళ్లెం తీసుకుని, పువ్వులూ రెండో చీటీ తులసి మొదట్లో వేయడానికి పెరట్లోకి వెళ్లాడు. నేను దీపం ఒత్తి సరిచేస్తూ కూర్చున్నాను.

పాత టైర్లకే రీబటన్ వేయించాడు, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించడం. చక్రాల కింద నిమ్మకాయలు నేనే పెట్టాను.

ఆ వానల్లోనే ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. తొలి కాన్పు, నొప్పులు. వాడు వెళ్లాడు. ఆ ఊరి కింద ఎర్రమట్టి ఎక్కుడు ఒకటుంది. మూడుసార్లు ఎక్కబోయాడు. చక్రాలు ఉన్నచోటే తిరిగి బురదలోకి దిగిపోయాయి. బండి వదిలేసి వానలో పైకి పరిగెత్తాడు. మగవాళ్లు ఆమెను డోలీ కట్టి భుజాల మీద మోసుకొచ్చారు. డోలీ కర్రకి ఒక కొమ్ము వీడూ పట్టాడు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి ఎండి ఉంది. అరుగు మీద కూర్చున్నాడు. అన్నం వద్దన్నాడు. కాఫీ ఇస్తే పట్టుకున్నాడు గాని తాగలేదు.

"పావుగంట తోవ అప్పా. మూడు గంటలు పట్టీసినాది."

నేను చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోశాను. కాళ్లు కడుక్కుంటూ, తల ఎత్తకుండా, మెల్లిగా అన్నాడు.

"నాకు దేవుడు ఒక్కసారి కాదు, రెండుసార్లు సెప్పినాడు కదప్పా. ఇనాల మరి."

అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు పెరట్లో వాడు రెండో చీటీ విప్పాడని. చెంబులో ఇంకా నీళ్లున్నాయి. పోస్తూనే ఉన్నాను. దీపం పెట్టే వేళైందని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. మధ్యాహ్నం మూడు గంటలకు దీపం ఏమిటని వాడు అడగలేదు.

ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఈ సంగతి పెళ్లానికి చెప్పలేదు, అన్నకి చెప్పలేదు. టైర్ల మాట మళ్లీ ఎత్తలేదు. ఇంట్లో ఏదైనా మాట తెగనప్పుడు మాత్రం, "సీట్లెందుకు, అప్పనే అడగండి" అనేవాడు. అందరూ గౌరవం అనుకునేవారు. బండికి ఏ పని చేయించినా నిమ్మకాయలు నా చేతికే ఇచ్చేవాడు. "అప్ప పెడితేనే కదుల్తాది" అనేవాడు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని వాడి మొహం చూసేదాన్ని. ఉండేది కాదు. ఉంటే నాకు సులువయ్యేది.

రీబటన్ రబ్బరు కూడా అరిగి టైర్లు గుండయ్యాయి. తలపిన్నుతో తీయడానికి రాళ్లు ఇరుక్కునే సందే లేదు. అయినా సాయంత్రం వాడు పిన్ను పట్టుకుని చక్రాల దగ్గర కూర్చునేవాడు. నేను వంటగది కిటికీలోంచి చూసేదాన్ని.

వాడు అడిగిన టైరు అయితే ఆ రాయి కోసేది కాదా? కోసి ఉండొచ్చు. చక్రం విప్పే పని లేకపోతే గుండె ఆగేది కాదా? ఆగి ఉండొచ్చు. దేవుణ్ని అడుగుదామంటే ఏ మొహం పెట్టుకుని అడగను. మైల అని పదకొండు రోజులు దేవుడి గది మూసేశారు. ఆ పదకొండు రోజులూ నాకు తేలికగా ఉంది.

కొండల మీది నుంచి చాలామంది వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు, గోడ వారన నిలబడ్డారు. అందులో ఒకామె నా దగ్గరికొచ్చి, ఉతికి మడత పెట్టిన చీర ఒకటి నా చేతిలో పెట్టింది. నా పాత చీరే, ఆకుపచ్చ అంచుది. "బండిలోది. బాబుకి ఇద్దామని దాసినాను. మల్లీ అగుపడనేదు" అంది. డోలీలో దిగిన మనిషి ఆమేనని మరదలు తర్వాత చెప్పింది.

ఈ ఇంట్లో ఎవరికీ చీట్ల సంగతి ఇప్పటికీ తెలియదు. ఇది అచ్చయ్యాక తెలుస్తుంది. నోటితో చెప్పలేక రాశాను.

పన్నెండో రోజు సాయంత్రం, భోజనాలైన విస్తళ్లు ఎత్తేశాక, బండి కొనడానికి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. చుట్టూ తిరిగి, ఒక చక్రాన్ని కాలితో తన్నాడు. విన్లేదు, ఊరికే తన్నాడు.

"ఇంజను బాగానే ఉన్నాది. టైర్లే గుండు. మాది కొండ రోడ్ల పని. పెద్ద బటన్ టైర్లు ఏసి ఇస్తే తీసుకుంటాను."

"ఏయించేద్దాం. అదెంత పని" అన్నాడు పెద్ద తమ్ముడు. సైజు ఎంతో ఎవరికీ తెలియలేదు. మరదలు వెళ్లి బండి సొరుగు వెతికి కొబ్బరితాడు ముక్క తెచ్చింది. రెండు ముడులూ అలాగే ఉన్నాయి.

ఆయన వెళ్లాక అందరం అరుగు మీద కూర్చున్నాం. చీట్లు వేయమని ఎవరూ అడగలేదు. "ఏటప్పా, ఏటంతావు?" అన్నాడు పెద్దవాడు. వేయించమన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో అనుకున్నవి ఇవి. బండి అమ్మేయాలి. అమ్మేముందు స్టెప్నీతో కలిపి ఐదు టైర్లూ కొత్తవి, ఒక సైజు పెద్దవి, వేయించాలి. కొలతకు తాడు శ్రీకాకుళం షాపుకి పంపాలి. పాత టైర్లు అక్కడే వదిలేయాలి. శుక్రవారం బండి ఇంట్లోంచి పంపకూడదు కాబట్టి గురువారం పొద్దున్నే అప్పగించాలి. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఎప్పట్లాగే అప్ప పెట్టాలి.