లైట్లు వేసి మాట్లాడమనండి

సూరత్‌లో సభలూ సమావేశాలూ ఏర్పాటు చేయడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు సలహా అడిగితే, హాలూ భోజనాల సంగతి తర్వాత చూద్దామని, ముందు ఒక ఉదయం గురించి చెబుతాను.

అప్పటికి నేను సొంతంగా పని మొదలుపెట్టి రెండేళ్లయింది. మరమగ్గాల కార్మికులకు యంత్రాల దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు నేర్పాలని ఒక సంస్థ అనుకుంది. ఏర్పాట్లు నాకు అప్పగించింది. నగరంలోని అమ్రోలి ప్రాంతంలో హాలు తీసుకున్నాను. వచ్చినవాళ్లలో చాలామంది తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే. ముప్పై ఏళ్లుగా మగ్గం మీద పనిచేస్తున్న మా నాన్న కూడా వాళ్లలో ఉన్నాడు.

పెద్ద స్పీకర్లు పెట్టించాను. తెర మీద బొమ్మలు బాగా కనపడాలని లైట్లన్నీ ఆర్పించాను. సంస్థ పంపిన ఇంజనీరు ఒకాయన చేతిలో మైకు పట్టుకుని హిందీలో గంటసేపు చెప్పాడు. "అర్థమైందా?" అంటే అందరూ తలూపారు. ప్రశ్నలడగమంటే ఒక్క చెయ్యీ లేవలేదు.

"వీళ్లకు ఆసక్తి లేదు మేడమ్," అన్నాడాయన టీ విరామంలో, చిరాగ్గా. నాకూ అలాగే అనిపించింది. చాయ్ తాగుతున్న నాన్న దగ్గరికి వెళ్లాను.

"బాపూ, ఎవ్వరూ ఏమడుగుతలేరేంది?"

"ఏం సమజయిందని అడగాలె బిడ్డా?"

"గంత పెద్దగ మైకు పెట్టిన గదా!"

"లొల్లి ఇనవడ్తది, మాట తెలుస్తలేదు. మిషన్ల మోతకు మా అందరి చెవులు పోయినయ్. మొకం జూసే మాట తెలుసుకుంటం. నువ్వేమో చీకటి జేసినవ్. ఆయనేమో నోటికి మైకు అడ్డం వెట్టుకున్నడు."

చిన్నప్పుడు వంటింట్లోంచి ఏదడిగినా నాన్న పలికేవాడు కాదు. కోపమేమో అనుకుని భయపడేదాన్ని. ఒకే ఇంట్లో ఇన్నేళ్లుండి ఆ సంగతి ఇప్పుడా నాకు తెలియడం!

విరామం అయ్యేలోపు లైట్లన్నీ వేయించాను. కుర్చీలు వరసల్లోంచి లాగి, ఇంజనీరు చుట్టూ అర్ధచంద్రాకారంలో వేయించాను. కాలరుకు పెట్టుకునే మైకు తెప్పించాను. మెల్లగా, ఎదురుగా చూస్తూ మాట్లాడమని ఆయన్ను బతిమాలాను. ముఖం ముడుచుకున్నాడు గానీ, ఒప్పుకున్నాడు.

పది నిమిషాలకు ఒకాయన లేచి తెలుగులోనే అడిగాడు.

"మిషన్ ఆపి దారం ముడెయ్యాలంటున్నరు, మంచిదే. ఆపితే మాల్ తక్కువైతది. మరి సేఠ్‌కు ఎవరు చెప్పాలె?"

హాలంతా గొల్లున నవ్వింది. నేను ఆ ప్రశ్నను ఇంజనీరుకు హిందీలో చెప్పాను. "సరైన ప్రశ్న. దీనికి మీ యజమానులే జవాబు చెప్పాలి," అని ఆయన దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. ఆ తర్వాత చేతులు లేస్తూనే ఉన్నాయి. అనుకున్న సమయం దాటి ముప్పావుగంట నడిచింది.

మరుసటి నెలలో మగ్గాల యజమానులనూ కార్మికులనూ కలిపి ఇంకో సమావేశం పెట్టమని ఆ సంస్థ అడిగింది. ఈసారి హాలు చూడడానికి నాన్ననూ మరో ఇద్దరు కార్మికులనూ ముందే తీసుకెళ్లాను. వాళ్లు ఒక్కో కుర్చీలో కూర్చుని చూసి, మాట్లాడేవాళ్ల ముఖం కనపడని నాలుగు కుర్చీలు పక్కకు జరిపించారు. కార్మికుల తరఫున ఎవరు మాట్లాడతారని అడిగితే నాన్న గొంతు సవరించుకుని, "నేనే జెప్త," అన్నాడు.