తలుపుల మీద సుద్ద నంబర్లు

మా ముత్తాత రామలింగయ్య, తాత విశ్వనాథం సరిహద్దు ఊరు కోంటా సంతలో చింతపండుకు ధర కట్టిన షావుకార్లు. వారి వారసుణ్ని నేను, మొన్నటి ఎండాకాలం ఒక సబ్బుల కంపెనీకి దినకూలీ మీద సర్వే చేశాను. సరిహద్దు పల్లెలో ఇంటింటి భాష, కులం, వాడే సబ్బు ఫోన్లో ఎక్కించి, తలుపు మీద కొనే స్థోమతను బట్టి సుద్దతో తరగతి నంబరు వేయాలి.

పదో ఇంటి దగ్గర ఊరివాళ్లు నన్ను చుట్టుముట్టారు. ఒకతని చేతిలో గొడ్డలి ఉంది.

"ఈ గుర్తులేంది? పోలీసు ఫోర్సోళ్లకా, అడవిలో అన్నలకా?" అన్నాడు ఊరిపెద్ద ముత్తయ్య.

"సబ్బుల కోసం."

"సబ్బుకు మా కులమెందుకయ్యా? మా గురించి ఏం రాసినవో చదువు."

ఫోన్ తెరిచాను. "తెలుగు గిరిజనులు. మూడో తరగతి. చిన్న సబ్బు ముక్కలే కొంటారు" అని చదివాను.

"నీ మొఖం చూస్తేనే తెలుస్తాంది, విశ్వనాథం సావుకారు మనవడివి గదా! మీ తాత మమ్మల్ని పేరు పెట్టి పిలిచేటోడు. నువ్వు నంబర్లేసినవ్. తుడిచి పో."

గొడ్డలి మనిషి వెంట నడుస్తుండగా తొమ్మిది తలుపులూ నా కండువాతోనే తుడిచాను. వాళ్లది ఉత్త భయమే అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు అలా అనుకోను. నెల తిరగకుండానే తలుపుల మీద తుడిచినా ఫోన్లో మిగిలిపోయిన ఆ ఇళ్ల వివరాలను కంపెనీ మరెవరికో అమ్మేసింది.