మావయ్య లావుపాటి తూటా

మావయ్య పోయిన సంగతి నాకు మా చర్చి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "అంకుల్ ప్రభునందు నిద్రించారు" అని ఎవరో పెట్టారు. సరిగ్గా ఆ మాటకు పైన అభినందనలు బారులు తీరి ఉన్నాయి. ప్రైజ్ ద లార్డ్ బ్రదర్, సూపర్ షాట్ బ్రదర్, చప్పట్ల బొమ్మలు. మా చర్చిలో కీబోర్డ్ వాయించే బ్రదర్, అమెరికా ఉత్తరం కొసన ఉన్న మెయిన్ రాష్ట్రం అడవిలో మూస్‌ని కొట్టానని పొద్దున పెట్టిన పోస్టుకు వచ్చినవి అవి. మూస్ అంటే దుప్పి జాతిలోకెల్లా పెద్దది, మన దున్నపోతు దాని పక్కన దూడలా ఉంటుంది. కొట్టాడు గానీ అది పడలేదు. దాన్ని వెతుక్కుంటూ బురదలోకి దిగినవాడు మా మావయ్య. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఆఫీసు ముందు కారులో కూర్చుని ఈ రెండూ ఒకే తెర మీద చదివాను. అత్తయ్య ఫోన్ ఆ తర్వాత వచ్చింది.

నిద్రించారట! మోకాలి లోతు బురదలో, తడిసిన బూట్లతో, చేతిలో తుపాకీతో ఎవరైనా నిద్రపోతారా?

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపం పనికిరాదంటారు. పనికిరాకపోతే పోనీ. మావయ్య గురించి శాంతంగా రాస్తే అది ఇంకెవరి గురించో రాసినట్టు ఉంటుంది. పొద్దుటినుంచి ఆయన ఎవరి మీదా విసుక్కోలేదంటే అత్తయ్య వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసేది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పిస్కాటవేలో ఒక మందుల కంపెనీలో చేసి రిటైరయ్యాడు. తోటి ఉద్యోగి ఒకాయన తీసుకెళితే వేట మొదలుపెట్టాడు. పిల్లలిద్దరికీ అది గిట్టలేదు. ఒక నవంబరులో ఏమీ తోచక నేను పెన్సిల్వేనియా దాకా వెంట వెళ్ళాను. అప్పటినుంచి ప్రతి ఏడూ వెళుతూనే ఉన్నాను.

వేట వారం వచ్చిందంటే ఆ ఇంట్లో పోపు పెట్టడానికి వీల్లేదు. ఇంగువ వాసన దుప్పి మైలు దూరంనుంచి పడుతుందని ఆయన నమ్మకం. తలకు కొబ్బరినూనె కూడా బంద్. ఆయన వేట బట్టలు గరాజ్‌లో ఆకుల మధ్య వేలాడేవి, ఎవరూ ముట్టుకోకూడదు. "ఆయన దుప్పిని కొట్టడమేమో గానీ, నన్ను మాత్రం చప్పిడి పప్పుతో కొడుతున్నాడు" అని అత్తయ్య సణిగేది. కోతపండుగనాడు మాత్రం ఆవిడే ముందు వరసలో కూర్చునేది. చర్చిలో అందరూ తెచ్చిన గుమ్మడికాయలు, కేకులు, పచ్చళ్ళ సీసాలు వేలం వేస్తుంటే, మావయ్య తెచ్చిన దుప్పి మాంసం దగ్గరికి వచ్చేసరికి హాలంతా లేచి నిలబడేది.

నాకు తుపాకీ కొనేటప్పుడు ఏ తూటా అని అడిగాను. ఆయన నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళి, ఎముకలు కొట్టే కత్తి ఒక చేతిలో, కూరగాయల చాకు ఇంకో చేతిలో పెట్టాడు. "ఆ చాకుని ఎంత విసురుగా కొట్టినా బొమిక తెగుతుందా అమ్మాయ్? ఈ కత్తిని ఊరికే వదిలెయ్, అదే దిగుతుంది. విసురు గొప్పలు చెప్తది, బరువు పని చేస్తది."

ఆయన తుపాకీ పాతకాలపు మోడల్, పక్కన పిడి లాగి తూటా ఎక్కించేది. తూటాలో సీసం గుండు నా బొటనవేలంత లావు. వేగం ఓ మోస్తరు. అంత బరువైన గుండు మెల్లగా వెళుతుంది గనక చిన్న కొమ్మ తగిలితే తునాతునకలైపోదు, ఎముక అడ్డొచ్చినా లోపలికి పోతుంది. చుట్టూ మాంసం నల్లగా కమిలిపోదు. ఒకటే లోపం, దూరం పోదు. నూట యాభై గజాలు దాటితే బాగా కిందికి దిగిపోతుంది. అది లోపమని నేనంటే ఆయన ఒప్పుకోలేదు. దగ్గరికి వెళ్ళడం చేతకానివాడికి కొట్టే హక్కు లేదు, అంతే. ఒకసారి మంచి కొమ్ముల దుప్పి లోయకు అవతల నిలబడితే, నేను తుపాకీ ఎత్తితే, ఆయన రెండు వేళ్ళతో గొట్టాన్ని కిందికి దించాడు. ఆ సీజనంతా ఒట్టి చేతులే. ఇంటికొచ్చేదాకా నేను కిటికీ వైపు తిరిగి కూర్చుంటే, ఆయన కులాసాగా పాటలు పాడుకుంటూ డ్రైవ్ చేశాడు.

ఆయన మాట ఒకటి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "కొట్టి పడితే నీది. గురి తప్పితే అడవిది. తగిలి వెళ్ళిపోయిందా, అది మరీ నీది." మొదటిసారి విన్నప్పుడు నవ్వాను.

ఇక కీబోర్డ్ బ్రదర్. ఈయనకు ఆ రాష్ట్రం ఏటా తీసే లాటరీలో మూస్ వేట పర్మిట్ వచ్చింది. కోతపండుగకు ఈసారి మాంసం తనదే ఉండాలని కోరిక. కోరిక తప్పుకాదు. కానీ తూటా ఎలా ఎంచుకున్నాడో వినండి. గ్రూపులో పోల్ పెట్టాడు! నాలుగు తూటాల పేర్లు, ఒక్కోదాని పక్కన సెకనుకు ఎన్ని అడుగుల వేగమో. పుట్టి బుద్ధెరిగి తుపాకీ ముట్టుకోనివాళ్ళంతా వోటేశారు, ఫోన్ కొనేటప్పుడు ఏది ఫాస్ట్ అని చూసినట్టే. ఎక్కువ అంకె ఉన్నది గెలిచింది. అందులో గుండు సన్నం, తేలిక, మైదానంలో దూరాన నిలబడ్డ దుప్పుల కోసం చేసినది. పొదల్లోంచి ఎదురుగా వచ్చే మూస్‌కు కాదు. మావయ్య ఆ పోల్ కింద పెద్ద మెసేజ్ పెట్టాడు, తన తుపాకీ తీసుకెళ్ళమని. "అంకుల్, అది మన తాతలనాటి డిజైన్, అవుట్‌డేటెడ్" అని బ్రదర్ నవ్వు బొమ్మ పెట్టాడు. ఆ నవ్వు బొమ్మకు ఎన్ని లైకులో!

పర్మిట్‌లో తోడు వేటగాడిగా రెండో పేరు మావయ్యది. గుండెకు స్టెంట్లు ఉన్నాయి, వద్దని అత్తయ్య మొత్తుకుంది, నేనూ చెప్పాను. ఆయన బూట్లకు మైనం రాస్తూ తలెత్తలేదు. "నేను ఆయన కోసం పోవట్లేదే. ఆ జంతువు కోసం పోతున్నా."

ఆ తర్వాత జరిగింది వెంట ఉన్న గైడ్ మాకు ఫోన్‌లో చెప్పాడు. మూస్ మా చర్చి హాలంత దూరంలో పొదల్లోంచి బయటికొచ్చి ఎదురుగా నిలబడింది. బ్రదర్ దాని ముందుకాలి జబ్బ మీద కొట్టాడు. గుండు ఎముక మీదే పగిలి చెల్లాచెదరైంది. జంతువు కుంటుకుంటూ బురద చెట్లలోకి వెళ్ళిపోయింది. వాసన పట్టే కుక్క వచ్చేదాకా ఆగుదామని గైడ్ అన్నాడు, సరేనని బ్రదర్ ట్రక్కెక్కి ఫోన్ తీశాడు. లోపలినుంచి మూలుగు వినబడుతూనే ఉంది. మావయ్య తన తుపాకీ తీసుకుని బురదలోకి దిగాడు. గైడ్ వెనకాలే పరిగెత్తాడు. చాలా దూరం పోయారట. దాన్ని దగ్గరగా చూసి మావయ్య ఒక్కటే కొట్టాడు, అది అక్కడికక్కడే కూలింది. టోపీ తీసి దాని పక్కన కూర్చున్నాడు. కొట్టాక కాసేపు అలా కూర్చోవడం ఆయనకు ఎప్పుడూ ఉన్నదే, గైడ్ కూడా అలవాటేమో అనుకున్నాడు. భుజం తట్టేసరికి గుండె ఆగిపోయి ఉందట.

మావయ్య కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టర్ గారు దేవుని చిత్తం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పోల్ పెట్టింది దేవుడా? బ్రదర్ లేచి సాక్ష్యం చెప్పాడు, అంకుల్ తనకు ఇష్టమైన పని చేస్తూ వెళ్ళిపోయారని. ఇష్టమైన పని! దెబ్బతిన్న జంతువు వెంట నెత్తురు చూసుకుంటూ నడవడం మా మావయ్యకు ఈ లోకంలో అన్నిటికన్నా అసహ్యమైన పని. జీవితాంతం లావు తూటా వాడింది, దగ్గరికి వెళ్ళింది, ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది, ఆ ఒక్క పని చెయ్యాల్సి రాకూడదనే. అక్కడే లేచి చెప్పేదాన్ని. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కోతపండుగకు ముందు బ్రదర్ అత్తయ్య ఇంటికి మూస్ మాంసం పంపించాడు. మంచి మనసుతోనే పంపి ఉంటాడు. కూలర్ తెరిస్తే ముందుకాలి జబ్బ. ఏ వైపు జబ్బ పంపుతున్నాడో ఆయన చూసుకోలేదు. సగం నల్లగా గడ్డకట్టిపోయి ఉంది. అత్తయ్య కత్తి పెట్టగానే టిక్కుమంది. ఇద్దరం సింకు దగ్గర నిలబడి చిన్న చిన్న రాగి పెచ్చులు, సీసం రవ్వలు ఏరి ఒక సాసర్‌లో వేశాం. ఎంతకీ అయిపోవు. వండడానికి ఏమీ మిగలలేదు.

ఆదివారం సాయంత్రం బ్రదర్ ఇంటికొచ్చాడు. టీ తాగి, అంకుల్ జ్ఞాపకంగా ఆ తుపాకీ ఇస్తారా ఆంటీ, ఇకమీదట దాంతోనే వేటాడతానని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అత్తయ్య లేచింది.

"తుపాకీ అమ్మాయికి ఇచ్చేశాను నాయనా," అంది. లోపలికి వెళ్ళి సాసర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇవి నీవి. జబ్బలో ఉన్నాయి. మీ అంకుల్ వెతుక్కుంటూ వెళ్ళింది వీటికోసమే."

ఆయన వాటిని ఒక వేలితో కదిపి చూశాడు. రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాడు.

నేను కిటికీలోంచి చూస్తున్నాను. సాసర్ పక్క సీట్లో పెట్టాడు. కదిలితే దొర్లుతాయని మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ వీధిలో ఎప్పుడూ రయ్యిమని దూసుకుపోయే ఆ కారు, ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి సాసర్ మీద, నడిచే మనిషికన్నా మెల్లగా వెళ్ళింది. మలుపు తిరిగేదాకా దాని బ్రేకు లైట్లు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి.