కళ్ళజోడు పోయిన రోజు

ఒక మధ్యాహ్నం నా కళ్ళజోడు కనబడకపోతే, స్టాఫ్ రూమ్ ఊడుస్తున్న ఆయమ్మను, "నువ్వేమైనా తీశావా?" అని కాస్త గట్టిగానే అడిగాను. కళ్ళజోడు నా టిఫిన్ డబ్బాలోనే, చెంచా పక్కన పడుకుని ఉంది.

అదంతా మా హిస్టరీ మేడమ్ చూశారు. పెద్ద తరగతులకు ఆవిడ చరిత్రతోపాటు మనస్తత్వశాస్త్రం కూడా చెబుతారు. బానిసత్వం పాఠం రోజున ముందుగా పుస్తకం తెరవరు. తాను ఎవరినో చులకనగా చూసిన సంగతి ఒకటి పిల్లల ముందు ఒప్పుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి. "మనుషుల్ని అమ్మినవాళ్ళకి కొమ్ములేం లేవర్రా, మనలాగే ఉండేవాళ్ళు" అంటారు.

"ఈసారి మీరు చెప్పండి సార్" అన్నారు నాతో. లెక్కల మాస్టారిని, నాకు మాటలు రావని తప్పించుకోబోయాను. ఆవిడ దగ్గర ఆ పప్పులుడకలేదు.

వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "ఆయమ్మ పేరేంటి సార్?" అంది. పదకొండేళ్ళుగా ఆవిడ తుడిచిన బల్ల మీదే రాస్తున్నాను. పేరు మాత్రం తెలియదు.

క్లాసు నుంచి నేరుగా వెళ్ళి, తప్పయిందని చెప్పి, పేరు అడిగాను.

"ఇన్నాళ్ళకి తీరిందా సార్ మీకు?" అని నవ్వి చెప్పారు ఆయమ్మ. ఆ నవ్వు దాకా నన్ను నెట్టుకెళ్ళిన మేడమ్‌కు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ రోజు మాత్రం ఊరుకోలేక గునిశాను: "పిల్లల ముందు నా పరువు తీసేశారు కదండీ!"

"రేపు మూడో పీరియడ్‌లో బి సెక్షన్‌కి కూడా రండి సార్, వాళ్ళింకా వినలేదు."