రిలీవర్ రాని డ్యూటీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట అనే హక్కు అందరికంటే నాకే ఎక్కువ. నా జీతమంతా వాటి మీదే నడుస్తుంది మరి. కంప్యూటర్ల వాళ్ళ భాషలో తెర వెనక చడీచప్పుడు లేకుండా పనిచేసుకుపోయే ప్రోగ్రాముని డీమన్ అంటారు. చచ్చిపోయినా పేరు మాత్రం మిగిలిపోయినదాన్ని జాంబీ అంటారు. కన్న ప్రోగ్రాము పోతే మిగిలినదాన్ని అనాథ అంటారు. పొద్దున్నే వీటన్నిటినీ ఒకసారి చూసుకుని, అక్కర్లేనివాటిని చంపి, టీ తాగడం నా ఉద్యోగం. మా అమ్మ దృష్టిలో నేను ఆఫీసరుని. నా దృష్టిలో నెలజీతానికి కుదిరిన భూతవైద్యుణ్ణి.

కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా చదివి, "ఇదొక్కటి చూసుకోలేదయ్యా నువ్వు" అని చెబితే నాకంతకంటే కావలసింది లేదు.

మాది ఖరగ్‌పూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాన్నా అక్కడే చేశాడు. నా చేతికి సుత్తి నిలవదని తేలిపోయాక నన్ను కంప్యూటర్లు చదివించారు. ప్రేమ్ బజార్ పక్కనున్న ఆ పెద్ద ఇంజనీరింగ్ కాలేజీతో నా అనుబంధం గేటు బయట ఎగ్ రోల్ తినడం వరకే. ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. అక్కడ తీసే ప్రతి రక్తపు చుక్క లెక్కా ఒక డేటాబేస్‌లో ఉంటుంది. ఓపెన్ సోర్స్‌ది, కొనక్కర్లేనిది. దాన్ని కనిపెట్టుకుని ఉండడం నా పని.

ఆ పని నాకు నేర్పింది అప్పలరాజు అన్నయ్య. మా మధ్య రక్తసంబంధం లేదు. రైల్వే కాలనీలో వరసలకి రక్తం అక్కర్లేదు, గోడ కలిస్తే చాలు. వాళ్ళ నాన్న సిగ్నల్ క్యాబిన్‌లో చేసేవారు. క్యాబిన్‌లో ఒక కట్టుబాటు ఉండేది. తర్వాతి డ్యూటీ మనిషి, అంటే రిలీవర్, వచ్చి "చార్జి తీసుకున్నాను" అని నోటితో చెప్పేదాకా పాతమనిషి లివర్ల దగ్గర్నుంచి కదలకూడదు. ఒంట్లో జ్వరమున్నా సరే, ఇంట్లో పురుడైనా సరే. అన్నయ్య పుట్టినప్పుడు వాళ్ళ నాన్న రిలీవర్ కోసం ఎదురుచూస్తూ క్యాబిన్‌లోనే ఉండిపోయారట.

ఆ కట్టుబాటుని అన్నయ్య మా సెంటర్‌కి పట్టుకొచ్చారు. పొద్దుటి డ్యూటీ ఆయనది, మధ్యాహ్నం నుంచి నాది. సర్వర్ ఉన్నది కౌంటర్ వెనక చిన్న గదిలో. నేను వచ్చి కూర్చున్నా ఆయన నా కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడేవారు.

"ఏటిరా సిన్నా, సెప్పవా?"

"లాగిన్ అయినాను కదా అన్నియ్యా. తెర మీద కనబడతంది కదా."

"తెర సెప్తే సాలదురా. నీకు నోరెందుకిచ్చినాడు దేవుడు, బిర్యానీకా?"

"సార్జి తీసుకున్నాను. నువ్వు దిగిపో."

"దిగినాను."

అప్పుడు చెయ్యి తీసేవారు. సైకిలెక్కి నేరుగా ఇంటికి. దారిలో టీకి కూడా ఆగేవారు కాదు. వదిన అన్నం వడ్డించి ఉంచేది.

చైత్రంలో ఒక పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతూ, సైకిల్ స్టాండ్ తీసిన మనిషి తీసినట్టే ఒరిగిపోయారు. ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి రెండు పూటల డ్యూటీ నాదే. పిండం పెట్టిన రోజు కాకి పెట్టీపెట్టగానే వచ్చి ముట్టింది. కోరికలేవీ మిగుల్చుకోలేదు, తృప్తిగా వెళ్ళాడు అన్నారు పెద్దలు. నేనూ అలాగే అనుకున్నాను. కాకికి ఇంటి సంగతులే తెలుస్తాయని, ఆఫీసు సంగతులు తెలియవని అప్పుడు తట్టలేదు.

వానలు మొదలై, ఊళ్ళో డెంగీ పాకుతున్న రోజుల్లో మా డేటాబేస్ మొరాయించింది. డిస్క్ నిండిపోయింది. ఇది మా వృత్తిలో జలుబు లాంటిది. ఎవరికైనా వస్తుంది, మందు అందరికీ తెలుసు. నాకు ముందుగా హెచ్చరిక ఎందుకు రాలేదా అని చూస్తే, హెచ్చరికలన్నీ అన్నయ్య ఫోన్‌కి పోతున్నాయి. ఆ ఫోన్ ఆయన పోయిన రోజు నుంచి బీరువాలో ఉంది.

డిస్క్ ఎందుకు నిండిందో చెప్పాలి. మా డేటాబేస్‌లో ఒక వరుసని, అంటే ఒక పద్దుని, మారిస్తే పాతది చెరిగిపోదు. చచ్చిన వరుసగా అక్కడే పడి ఉంటుంది, కొత్తది వేరే చోట చేరుతుంది. చచ్చినవాటిని ఊడ్చి చోటు ఖాళీ చేసే పని ఒకటి దానంతటదే నడుస్తుంటుంది. కాకపోతే ఒక నియమం. ఆ వరుస బతికున్న కాలంలో పని మొదలుపెట్టి, ఇంకా ముగించని మనిషి ఒక్కడున్నా దాన్ని ఊడవకూడదు. అతని కళ్ళకి అది ఇంకా బతికే ఉంటుంది కాబట్టి.

కొంచెం చోటు ఎలాగో కల్పించి డేటాబేస్‌ని ఆపకుండానే, చేత్తో ఆ ఊడ్చే పని నడిపాను. చచ్చిన వరుసలు బోలెడున్నాయి, ఇప్పుడే తీయడానికి వీల్లేదు అని జవాబు వచ్చింది. అంటే ఎవరో పని సగంలో వదిలి కూర్చున్నారు. ఎవరా అని కనెక్షన్ల జాబితా అడిగాను.

అన్నయ్య పేరు వచ్చింది. పని మొదలుపెట్టినది ఆయన పోవడానికి ముందురోజు సాయంత్రం. చోటు, ఇంట్లోని కంప్యూటర్. స్థితి, పని మధ్యలో ఖాళీగా ఉన్నారు.

నేను భయపడలేదు. పైపెచ్చు ఊపిరి పీల్చుకున్నాను. ఇంట్లో కంప్యూటర్ ఎవరూ ఆపలేదన్నమాట అనుకున్నాను. మనిషి పోయాక అతని గదిలో దీపం ఆర్పడానికి కూడా చేతులు రాని ఇళ్ళు నేను చూశాను. తర్వాత అదే తెర మీద సర్వర్ ఆఖరిసారి ఎప్పుడు లేచిందో కనబడింది. వైశాఖంలో కాల్‌బైశాఖి గాలివానకి కరెంటు పోయి, మా బ్యాటరీ కూడా చేతులెత్తేసి సర్వర్ పూర్తిగా ఆగిపోయింది. నేనే మళ్ళీ లేపాను. సర్వర్ ఆగితే పాత కనెక్షన్లన్నీ తెగిపోవాలి. సర్వర్ పుట్టింది వైశాఖంలో. దానికి తగులుకుని ఉన్న మనిషి చైత్రం నుంచి ఉన్నాడు.

రీస్టార్ట్ అయినా బతికి ఉండే పనుల రకం ఒకటి ఉంది. అదేమోనని చూశాను. కాదు. గడియారం తప్పిందేమో చూశాను. సరిగ్గానే ఉంది.

ఆ మధ్యాహ్నం వానలోనే వదిన దగ్గరికి వెళ్ళాను. కంప్యూటర్ మీద ఆయన తుండుగుడ్డ కప్పి ఉంది. తీగ చుట్టచుట్టి పక్కన పెట్టి ఉంది.

"మీ అన్నియ్య పోయిన రోజే పీకీసినాను సిన్నా," అంది వదిన. "ఇంటి నిండా జనాలు, ఎవులైనా తొక్కుతారనీసి. మళ్ళా పెట్నేదు."

నేను వచ్చిన పని చెప్పాను. ఆవిడ తుండుగుడ్డ అంచు సరిచేసింది.

"ఆరి పేరు ఇంకా అక్కడ ఉన్నాదా?"

"ఉన్నాది వదినా. తీసీయాలి. తీసీస్తే ఆఖర్న సేసిన పని పోద్ది."

"ఏటా పని?"

"బయటోళ్ళకి కనబడదు. ముగించినదాకా అది అన్నియ్యకొక్కడికే కనబడతాది."

"ఆరు పోయిన ముందునాడు సాయంత్రం అన్నానికి పిలిస్తే, ఒక్క ముక్క ఉండిపోనాది, రేపు సిన్నాగాడు వచ్చినాక అవగొట్టేస్తాను అన్నారు," అంది. "నీ పేరే సెప్పినారు. అది ఉంచడానికి అవదా?"

అవదన్నాను. అంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాలేదు.

"అక్కడ రోగాలోళ్ళు కూకోనుంటారు కదా," అంది చివరికి. "తీసీ. కాని నువ్వే తియ్యి. ఇంకొకలి సేత తియ్యించకు."

తిరిగొచ్చేసరికి కౌంటర్ ముందు బెంచీలన్నీ నిండి ఉన్నాయి. డేటాబేస్ మళ్ళీ మొరాయించింది. మిఠూ దీదీ, మా కౌంటర్ మనిషి, మిషన్ల మీద అంకెలు చూసి చీటీల మీద చేత్తో రాసిస్తోంది. ప్లేట్‌లెట్ల లెక్కలు అవి. ఒకరి చీటీ ఇంకొకరి చేతికి వెళ్ళిందంటే ప్రాణం మీదికి వస్తుంది. అంతకుముందే ఒకే పేరున్న ఇద్దరు పిల్లల చీటీలు తారుమారై, గుమ్మం దాటుతున్న తండ్రిని ఆవిడ పరుగెత్తి ఆపింది. అప్పట్నుంచి ప్రతి చీటీ మీదా తండ్రి పేరు కూడా రాస్తోంది.

చంపడమనేది మా వృత్తిలో రోజువారీ మాట. ఆ రోజు ఆ కమాండ్ కొట్టడానికి వేలు కదల్లేదు. వదిన నువ్వే తియ్యి అంది కాబట్టి కొట్టాను. అయిందని జవాబు వచ్చింది. జాబితా మళ్ళీ అడిగాను. అన్నయ్య పేరు ఉంది, అదే చైత్రపు సాయంత్రంతో.

మళ్ళీ కొట్టాను. అయిందంది. పేరు ఉంది. ఆయన ఖాతాకి తాళం వేశాను. ఉంది. బయటికి పోయే ఇంటర్నెట్ తీగ ఊడబీకాను. ఉంది. డేటాబేస్ మొత్తం ఆపి లేపాను. లేచీలేవగానే జాబితాలో మొదటి పేరు ఆయనదే. పుస్తకాల్లో ఉన్న మందులన్నీ అయిపోయాయి. నా జేబులోవి ఎప్పుడో అయిపోయాయి. వేరే మిషన్ తెప్పించాలంటే కలకత్తా నుంచి రావాలి.

నేను తల పట్టుకుని కూర్చున్నప్పుడు మిఠూ దీదీ లోపలికి వచ్చి, ఏమైందని అడిగింది. ఆవిడ మాట్లాడేది బంగ్లా, నేను తెలుగులో రాస్తున్నాను. అన్నయ్యని ఆవిడ దాదా అనేది. దాదా పేరు పోవడం లేదు దీదీ, అన్నాను. ఆవిడ తెర వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది.

"ఎలా పోతాడు? నువ్వా మాట చెప్పావా?"

"ఏ మాట?"

ఆవిడకి తెలుగు రాదు. కౌంటర్‌లో కూర్చుని, గోడ అవతల నుంచి ఏళ్ళ తరబడి విన్నదాన్ని పాటలా అప్పజెప్పింది. "సార్జి తీసుకున్నాను, నువ్వు దిగిపో. రోజూ అనేవాడివి కదా. దాదా పోయాక ఒక్కసారైనా వినలేదు నేను."

చెప్పేసి చీటీలు రాసుకోవడానికి వెళ్ళిపోయింది.

నేను తలుపు దగ్గరగా వేశాను. ఎవరైనా చూస్తే నవ్వుతారని మొదటి భయం. నేనే నవ్వుకుంటానని రెండోది. గొంతు సవరించుకున్నాను. కుర్చీలో సరిగ్గా కూర్చుని, వెనక్కి తిరక్కుండా చెప్పాను.

"అన్నియ్యా, సార్జి తీసుకున్నాను. నువ్వు దిగిపో."

జవాబేమీ రాలేదు. వస్తే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. కుర్చీ వీపు మీద బరువు తగ్గినట్టు అనిపించిందా అని చాలామంది అడిగారు. అలాంటిదేమీ లేదు. బయట వాన, కౌంటర్ దగ్గర ఎవరో దగ్గుతున్నారు. అంతే.

జాబితా అడిగాను. అన్నయ్య పేరు ఉంది. స్థితి మారి ఉంది. ఆఖరి కమాండ్ అన్న చోట, పని ముగించి భద్రం చేయమనే మాట ఉంది. ఇంకోసారి అడిగేసరికి ఆ పేరు లేదు. ఊడ్చే పని దానంతటదే మొదలై, చైత్రం నుంచి పేరుకున్నదాన్ని తీసేసింది. మిఠూ దీదీ ప్రింటర్ కర్రుమంటూ లేచింది. బెంచీల మీంచి జనం లేచి నిలబడ్డారు.

చంపిన పని ఎప్పుడూ భద్రం కాదు, వెనక్కి పోతుంది. ఇది భద్రమైంది. ఏం మారిందా అని వెతికితే, ఒకే ఒక్క వరుస. హెచ్చరికలు ఎవరికి పోవాలో రాసి ఉండే చోట అన్నయ్య పేరు పోయి నా పేరు వచ్చింది. దాని పక్కనే, అన్నయ్య పెట్టుకున్న రిలీవర్ అన్న గడి ఖాళీగా ఉంది. ఇప్పటికీ ఖాళీయే.

తెలిసినవాళ్ళకి లాగ్ చూపించాను. ఒకరు గడియారం తప్పన్నారు, ఒకరు నేనే ఏదో కొట్టి మరిచిపోయి ఉంటానన్నారు. రెండోది నా తెలివికి సరిపోయే మాటే. కానీ ఆయన ఖాతాకి నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. ఆ ఇంటర్నెట్ తీగ అప్పటికి నా ఒళ్ళోనే ఉంది.

సాయంత్రం వదినకి చెబుదామని వెళ్ళాను. ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. పేరు పోయింది వదినా, పని మాత్రం పోలేదు, అన్నియ్యే ముగించినాడు అన్నాను. ఏం ముగించారో చెప్పాను. ఆవిడ ఏడవలేదు. చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వచ్చింది.

"అయితే దిగినారన్నమాట."

"దిగినాడు వదినా."

"డూటీ దిగితే ఆరు ఎక్కడా ఆగరు," అని గుమ్మం వైపు చూసింది. "నేరుగా ఇంటికే వత్తారు."

నేనూ అటు చూశాను. వాన ఆగింది. గోడకి ఆనించిన సైకిల్ తడిసి ఉంది. నేను లేచి వచ్చేస్తూ, తలుపు దగ్గరగా వెయ్యమంటావా అని అడిగాను. వద్దు, తీసే ఉంచమంది. లోపల రెండు కంచాలు కడిగిన చప్పుడు వినబడింది.

ఆ సర్వర్ గదిలో ఏం జరిగిందో ఈరోజుకీ నాకు తెలియదు. ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఏం జరిగిందో అడిగే ధైర్యం నాకు లేదు.